శరత్తులో కార్మిల్లా

చాలా ఏళ్ళుగా నాకొక అలవాటు. మహాలయ పక్షం మొదలైన దగ్గర నుంచి కార్తీకం వెళ్ళేదాకా గోథిక్ నవలలే చదువుతాను. పాడుబడిన కోటలు, తాళం వేసిన గదులు, సమాధుల్లోంచి లేచి వచ్చేవాళ్ళు, ఈ సరుకంతా ఉన్న ఇంగ్లీషు పుస్తకాలన్న మాట. పండగ రోజుల్లో శుభమా అంటూ ఏ భాగవతమో చదువుకోక ఈ పీడ పుస్తకాలేమిటని మా అమ్మ ఉన్నంతకాలం అంటూనే ఉండేది. వీటిని ఆటమ్ ఋతువులో చదవాలని ఇంగ్లీషు పాఠకులు అనుకుంటారని విని, వాళ్ళను చూసి నేనూ మొదలుపెట్టాను. అంతకు మించి అప్పట్లో కారణమేమీ లేదు.

కాని ఆ ఋతువు మనకు కుదరదు. ఆటమ్ అంటే శరదృతువు అని నిఘంటువు చెబుతుంది. మన శరత్తు అంటే తేటపడిన ఏరు, రెల్లుపూలు, పిండి ఆరబోసినట్టు వెన్నెల. నన్నయ భారతాన్ని ఆరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గరే ఆపాడని సంప్రదాయం చెబుతుంది. ఆకులు రాలడం మనకు శిశిరం పని. ఇక మేముండే తమిళ తీరంలో ఐప్పసి నెలంటే ఆకు రాలడం మాట అటుంచి, గోడలకు నాచు పడుతుంది. ఈశాన్య ఋతుపవనం వచ్చే కాలమది. యానాంలో ఉన్నవాళ్ళకూ, ఒడిశాలో ఉన్నవాళ్ళకూ ఇది తుఫానుల కాలం. 1996 నవంబరు 6ను వాళ్ళూ, 1999 అక్టోబరు 29ని వీళ్ళూ మరిచిపోలేరు.

ఇంకొకటి, చీకటి. లండన్‌లో జూన్ చివర పగలు పదహారున్నర గంటలు. డిసెంబరు చివరకు అది ఎనిమిది గంటల లోపుకు వస్తుంది. చెన్నైలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర. కనక ఆటమ్ అంటే వాళ్ళకు ఆకుల రంగు ఒక్కటే కాదు, రోజురోజుకూ ఎవరో వచ్చి వెలుతురును కొంచెం కొంచెంగా పట్టుకుపోతున్నట్టుంటుంది. తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోవలసిన కాలం. గోథిక్ కథ ఆ మూసిన తలుపుల లోపల పుట్టింది. మాకు మూసుకునే తలుపులే తక్కువ.

మరి ఈ పుస్తకాలు నాకెందుకు పట్టాయి? దీనికి జవాబు చాలా ఆలస్యంగా దొరికింది. వీటిలో దయ్యాల కంటే ముందు భాష ఉంది. పరాయి చోట ఉన్నవాడి నోట్లో భాష ఏమవుతుందన్న ప్రశ్న ఉంది.

మొట్టమొదటి గోథిక్ నవల అని అందరూ చెప్పే హోరేస్ వాల్‌పోల్ 'ఒట్రాంటో కోట' 1764లో అచ్చయింది. అది తన రచన అని ఆయన చెప్పుకోలేదు. ఇంగ్లండు ఉత్తరాన ఒక పాత కాథలిక్కు కుటుంబం పుస్తకాల్లో ఇటాలియను ప్రతి దొరికిందనీ, 1529లో నేపుల్స్‌లో అచ్చయిందనీ, దాన్నొక అనువాదకుడు ఇంగ్లీషు చేశాడనీ ముందుమాటలో రాశాడు. పుస్తకం బాగా నడిచాక, 1765లో రెండో ముద్రణకు గాని అదంతా కల్పన అని ఒప్పుకోలేదు. (1529 అనగానే నాకు నవ్వొస్తుంది. విశ్వనాథ నాయకుడు మదురలో పాలన మొదలుపెట్టాడని మా చరిత్ర పుస్తకాలు సాధారణంగా వేసే సంవత్సరం అదే. మాలో చాలామంది ఇళ్ళ కథలూ ఆ కాలం నుంచే మొదలవుతాయి.) అంటే ఈ ప్రక్రియ పుట్టడమే, ఇంట్లో ఉన్నా ఇంట్లోవాళ్ళు చదవలేని కాగితాలనే ఊహతో పుట్టింది. తరువాత వచ్చిన ఆన్ రాడ్‌క్లిఫ్ 'యుడాల్ఫో రహస్యాలు' (1794) నాలుగు సంపుటాలు. నేను రెండుసార్లు మొదలుపెట్టి ఒక్కసారే చివరిదాకా చదివాను. చెట్లూ కొండలూ ఎక్కువ. దాన్ని దాటేస్తున్నాను.

మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818) అలా దాటెయ్యడానికి వీల్లేదు. 1815 ఏప్రిల్‌లో తంబోరా అగ్నిపర్వతం పేలి ఆకాశాన్ని బూడిదతో కప్పేసిన మరుసటి ఏడు యూరపుకు వేసవే రాలేదు. ఆ 1816లో జెనీవా సరస్సు ఒడ్డున వాన వల్ల ఇల్లు కదలలేక కూర్చుని, పద్దెనిమిదేళ్ళ పిల్ల మొదలుపెట్టిన నవల ఇది. సినిమాల పుణ్యమా అని ఇందులో భూతానికి మాటలు రావని చాలామంది అనుకుంటారు. నవలలో వాడికి వచ్చినంత చక్కని మాట ఇంకెవరికీ రాదు. నవంబరు రాత్రి ప్రాణం పోసుకున్నవాడు అడవిలో ఒక గుడిసె పక్కన కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి ఒక ఫ్రెంచి కుటుంబం మాటలు వింటాడు. ఆ ఇంటికి వచ్చిన అరబ్బు యువతికి వాళ్ళు ఫ్రెంచి నేర్పుతుంటే, ఆ పాఠాలే వాడూ నేర్చుకుంటాడు. శరత్తు వచ్చి ఆకులు ఎండి రాలుతుంటే ఆశ్చర్యపోతాడు, దుఃఖపడతాడు. తాను కళ్ళు తెరిచిననాటి మోడు అడవే మళ్ళీ కనబడుతోంది మరి. మొత్తం గోథిక్ సాహిత్యంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన శరత్తు అది. రెండు వాక్యాలకు మించదు.

ఆ చలికాలంలోనే వాడు ధైర్యం చేసి, మిగతావాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు గుడ్డి ముసలాయన దగ్గరకు వెళతాడు. మాట విన్న ముసలాయన, నువ్వు మా దేశం వాడివేనా, ఫ్రెంచివాడివా అని అడుగుతాడు. కాదు, ఒక ఫ్రెంచి కుటుంబం దగ్గర నేర్చుకున్నాను, నాకు వచ్చిన భాష అదొక్కటే అంటాడు వాడు. ఈ జవాబు దగ్గర నేను ప్రతి ఏడూ ఆగుతాను. మా ఊళ్ళో తెలుగింటి పిల్లవాణ్ణి, నువ్వు తమిళుడివా అని అడిగితే ఏం చెబుతాడు? కాదండీ, కాని చదవడం రాయడం వచ్చిన భాష నాకదొక్కటే అంటాడు. చెవితో విన్నంతసేపు ముసలాయనకు వాడు మనవాడే. కళ్ళున్నవాళ్ళు తిరిగి వచ్చి చూశాక దెబ్బలు తప్పలేదు.

'డ్రాకులా' (1897) సంగతి ఇక్కడే చెబుతాను, కాలక్రమం కొంచెం తప్పినా. బ్రామ్ స్టోకర్ దీన్ని తేదీలు వేసిన డైరీలు, ఉత్తరాలుగా నడిపాడు. మే 3న మొదలై నవంబరు 6న ముగుస్తుంది. లండన్ నుంచి ఇంటి కొనుగోలు కాగితాలతో వచ్చిన కుర్రవాడు హార్కర్‌తో కౌంట్ డ్రాకులా చెప్పే మొదటి కోరికల్లో రక్తం లేదు. నా ఇంగ్లీషు ఉచ్చారణ సరిచెయ్యి అంటాడు. ఈ దేశంలో నేను ప్రభువును, అందరికీ తెలుసు. అక్కడికి వెళితే నేనెవరినీ కాను. నా మాట వినగానే ఎవరూ ఆగి వీడు పరాయివాడు అనుకోకూడదు. ఇదీ ఆయన బాధ. ఊరు మారినవాళ్ళెవరికైనా ఇది తెలిసిన బాధే. బడిలో మొదటి రోజు 'ழ' పలకలేక నాలుక మడతపడినప్పుడు నాకూ ఇదే బాధ కలిగింది. రాక్షసుడి నోట్లో ఈ మాట పెట్టడం స్టోకర్ గొప్పదనం. కాని ఆ తరువాత ఆయన దీన్ని పట్టించుకోలేదు. కౌంట్ ఇంగ్లండు చేరాక ఆ నోటికి దాదాపు మాటే ఉండదు. వేటాడవలసిన జంతువైపోతాడు. స్టీఫెన్ అరాటా అనే విమర్శకుడు 1990లో చూపించినట్టు, ఇతర దేశాలను ఆక్రమించిన ఇంగ్లండు, అదే పని తనకెవరైనా చేస్తారేమోనని పడ్డ భయమే ఈ నవల. అది నిజమైతే, బయటినుంచి వచ్చి స్థిరపడినవాళ్ళం మనం ఇందులో ఎవరి పక్షాన నిలబడి చదవాలి? ఈ చిక్కు 'డ్రాకులా'లో తీరలేదు. దానికంటే పాతికేళ్ళు ముందుదైన 'కార్మిల్లా'లో ఆ చిక్కునే ఇంటి లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు.

'కార్మిల్లా' చిన్న నవల. 1871-72లో పత్రికలో వచ్చి, 1872లో రచయిత కథల సంపుటిలో చేరింది. రాసినవాడు జోసెఫ్ షెరిడన్ లెఫాన్యూ, డబ్లిన్ వాడు. (స్టోకర్‌ది కూడా డబ్లినే. లెఫాన్యూకు వాటా ఉన్న పత్రికలో జీతం లేకుండా నాటక సమీక్షలు రాశాడు.) లెఫాన్యూ పూర్వీకులు మతహింసకు ఫ్రాన్సు వదిలి వచ్చిన హ్యూగనోలు. తండ్రి ప్రొటెస్టెంటు మతాధికారి. చుట్టూ ఉన్న జనం కాథలిక్కులు. ఈయన యువకుడిగా ఉన్న 1830ల్లో, ఆ మతాధికారులకు దశమ భాగం కట్టమని రైతులు తిరగబడ్డారు. ఇంటిపేరు ఫ్రెంచి, రాత ఇంగ్లీషు, ఊరు ఐరిష్. ఐర్లండులో పంటలు ఇంటికి చేరాక అక్టోబరు 31 రాత్రి పోయినవాళ్ళు తిరిగి వస్తారని పాత నమ్మకం. ఈ గాలి పీల్చి పెరిగినవాడు.

కథ చెప్పేది లారా అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి. తండ్రి ఇంగ్లీషువాడు, ఆస్ట్రియా కొలువులో పనిచేసి, పింఛను పుచ్చుకుని, స్టిరియా అడవుల్లో చవగ్గా వచ్చిన ఒక కోట కొనుక్కున్నాడు. లారా పేరు ఇంగ్లీషు పేరే, కాని ఇంగ్లండు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఇద్దరు ఉపాధ్యాయినులు, వాళ్ళవి ఫ్రెంచి, జర్మను. తండ్రీ కూతుళ్ళు మాత్రం రోజూ ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. ఎందుకు? కొంత దేశాభిమానం, కొంత ఆ భాష తమలో లేకుండా పోతుందేమోనన్న భయం. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, మొదటి అధ్యాయంలో లారాయే చెబుతుంది. ఈ భాషల కలగాపులగం చూసి వచ్చిన వాళ్ళు నవ్వేవాళ్ళని కూడా చెబుతుంది. మా ఇంటి తెలుగు విని కృష్ణా జిల్లా బంధువులు నవ్వినట్టే. ఇంగ్లీషు మరచిపోకుండా ఉండడానికి తండ్రి షేక్‌స్పియర్‌ను పైకి చదువుతుంటాడు. మా నాన్న రాత్రి భోజనాలయ్యాక గజేంద్రమోక్షం చదివేవారు, పిల్లలకు తెలుగు పోకూడదని. మమ్మల్ని ప్రవాసాంధ్రులు అంటుంటారు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట వచ్చినవాళ్ళం ఇంకా ప్రవాసంలో ఎలా ఉంటాం? లారా కూడా అంతే, వెళ్ళడానికి వేరే ఊరు లేనిది.

ఒక వేసవి సాయంత్రం, వెన్నెల్లో, తండ్రి నాటకంలోని దిగులు మాటలు చెబుతూ ఉండగానే కోట ముందు బండి బోల్తా పడుతుంది. అందులోంచి కార్మిల్లా దిగుతుంది. తల్లినని చెప్పుకున్నావిడ అత్యవసరమంటూ అమ్మాయిని మూడు నెలలకు వాళ్ళింట్లో వదిలి వెళ్ళిపోతుంది. వచ్చిన అతిథి తన పేరు, పాత వంశమని, పడమట దిక్కున ఇల్లని, ఈ మూడు ముక్కలే చెబుతుంది. ఇంటిపేరు చెప్పదు, ఊరు చెప్పదు. మహాలయంలో మనం పోయినవాళ్ళను పేరూ గోత్రమూ చెప్పి పిలుస్తాం, తిలోదకాలు ఇస్తాం. పిలవకుండా, గోత్రం చెప్పకుండా వచ్చిన వాళ్ళతోనే ఇబ్బంది.

మాటలో పడితే పేర్ల సంగతి మరిచేను. ఆమె ఒక చోట కార్మిల్లా, ఒక చోట మిల్లార్కా, 1698 నాటి పటం మీద మిర్కాల్లా. ఇంగ్లీషులో మూడూ అవే ఎనిమిది అక్షరాలు, అటూ ఇటూ చేసినవి. ఎన్ని జన్మలెత్తినా ఆ అక్షరాలు దాటి పోలేదు పాపం. తెలుగు లిపిలో రాసి చూడండి. మిర్కాల్లా, మిల్లార్కా మన లెక్కలోనూ సరిపోతాయి, మి, ర్కా, ల్లా మూడే. కార్మిల్లా మాత్రం తప్పించుకుంటుంది, ర్మి అడ్డం వస్తుంది. ఎవరైనా దీన్ని తెలుగు చేస్తే ఆ ఒక్క పేరు దగ్గర పాఠకుడు ఆమెను పట్టుకోలేడు.

ఇక ఇంటి సంగతి. చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లలు ఒక్కొక్కరే జబ్బుపడి చచ్చిపోతుంటారు. ఊళ్ళవాళ్ళకు కారణం తెలుసు. ఏటా రెండుసార్లు వచ్చే గూని వర్తకుడు తాయెత్తులు అమ్ముతూ, ఈ అడవిలో రక్తం తాగేది తిరుగుతోందని చెబుతాడు. కార్మిల్లా పన్ను సూదిలా ఉంది, అరగదీసి ఇస్తానంటాడు. పాపం వాడికి వచ్చిన ఫ్రెంచి, జర్మను రెండూ అధ్వాన్నం. ఇద్దరమ్మాయిలూ చెరో తాయెత్తు కొంటారు. తండ్రి చదువుకున్నవాడు. ఈ మూఢనమ్మకాలు పల్లెవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు అంటించుకునే జబ్బు అంటాడు. పాడుబడ్డ ఊరు మూడు మైళ్ళలో ఉంది, కప్పులేని చర్చిలో కార్న్‌స్టైన్ వంశం సమాధులున్నాయి. ఆ ఊరెందుకు పాడుబడిందో చివరికి చెప్పేది ఒక కట్టెలు కొట్టేవాడు. అంతకుముందు వాణ్ణి అడిగినవాళ్ళు లేరు. ఇంగ్లీషు కాపాడుకోవడంలో అంత జాగ్రత్తపడిన ఇల్లు, పక్క ఊరి మాట చెవిన వేసుకోలేదు. ఒక్క చోట తప్ప. పల్లెపిల్ల శవయాత్ర దారిన పోతుంటే లారా లేచి నిలబడి వాళ్ళ కీర్తనలో గొంతు కలుపుతుంది. కార్మిల్లా చెవులు మూసుకుంటుంది.

లెఫాన్యూ ఇక్కడితో ఆగితే ఇది మంచి నీతికథ అయ్యేది. ఆయన ఇంకో మెట్టు దిగాడు. కార్న్‌స్టైన్లు ఎవరో కారు, లారా తల్లివైపు వాళ్ళు. ఆ పటం తల్లి పుట్టింటి నుంచి వచ్చిందే. తల్లి స్టిరియా స్త్రీ, లారా పసిపిల్లగా ఉండగానే పోయింది. ఇంట్లో కాపాడుతున్న భాష తండ్రిది. తల్లివైపు భాష కోసం ఎవరూ ఏ పుస్తకమూ పైకి చదవలేదు. ఇంటి మీదికి వచ్చినది బయటి శత్రువు కాదు, ఇంట్లో సగం. 'డ్రాకులా'లో పరాయివాణ్ణి తరిమేస్తే కథ ముగుస్తుంది. ఇక్కడ కార్మిల్లాను తరిమినా లారాలో ఆ రక్తం ఉండనే ఉంది. తరువాతి వసంతంలో తండ్రి ఆమెను ఇటలీ తీసుకువెళతాడు, ఏడాది పైగా తిప్పుతాడు. పదేళ్ళు దాటాక రాస్తూ కూడా ఆమెకు ఒక్కోసారి ఆ అడుగుల చప్పుడు గది గుమ్మం దగ్గర వినిపించినట్టే ఉంటుంది. అందులో భయం ఎంతో, బెంగ ఎంతో రచయిత తేల్చలేదు. అందుకే నేను దీన్ని 'డ్రాకులా' కంటే పై అరలో పెడతాను. మన 'వేయిపడగలు'లో కూడా కోట కూలుతుంది, పడగలు తగ్గిపోతాయి. కాని అక్కడ చెప్పేవాడికి ఏది తనదో, ఏది కాదో స్పష్టంగా తెలుసు, కనక అది శోకం. లారాకు ఆ స్పష్టత లేదు, కనక ఇది భయం. సరిహద్దుల అవతల బతికే మనకు ఈ రెండోదే దగ్గరని నా అనుమానం.

కిందటేడు ఐప్పసి ముసురులో కరెంటు పోయిన రాత్రి ఈ కథ మా అమ్మాయికి తెలుగులో చెప్పాను. తెలుగు వింటుంది, చదవలేదు. అన్నిటికంటే నన్ను వేధించే ఘట్టం దగ్గరకు వచ్చాను. జబ్బుపడిన లారాకు ఒక రాత్రి చీకట్లో గొంతు వినబడుతుంది. నిన్ను చంపడానికి వచ్చినవాళ్ళున్నారు, జాగ్రత్త అని మీ అమ్మ చెబుతోందని. వెంటనే వెలుతురు, మంచం చివర కార్మిల్లా, తెల్లని చొక్కా గడ్డం నుంచి పాదాల దాకా నెత్తురు. లారా అరుస్తూ లేచి, కార్మిల్లాను ఎవరో చంపుతున్నారని ఆమెను కాపాడడానికి పరుగెత్తుతుంది. తల్లి హెచ్చరిక చేరింది, కూతురికి తిరగబడి అర్థమైంది.

"ఆ అమ్మ ఏ భాషలో చెప్పింది నాన్నా?" అంది మా అమ్మాయి.

నేను ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, ఈ ప్రశ్న తోచలేదు. టార్చి వేసి ఆ పేజీ తీశాను. లారా ఇంగ్లీషులో రాస్తోంది కనక ఆ మాట ఇంగ్లీషులో ఉంది. తల్లిది జర్మను అయి ఉండాలి. లారాకు జర్మను వచ్చు, పాఠంగా, ఉపాధ్యాయిని దగ్గర నేర్చుకున్నది. తల్లి నోట విన్నదేమీ ఆమెకు గుర్తుండే వయసు కాదు. లెఫాన్యూ ఏమీ చెప్పలేదు అన్నాను.

"సరిగ్గా అర్థం కాలేదంటే, సరిగ్గా రాని భాషలోనే చెప్పి ఉంటుంది" అంది అమ్మాయి. ఆ మాట తమిళంలో అంది.